దగ్గు రాని గిర్ని

నేను చెప్పే మాటల్లో రూపాయికి పావలా వంతే నిజమని మా కొత్తవాడలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. మా కారం గిర్ని ఘాటుకు చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు తుమ్మితే, ఆ ఊపుకు అతని రెండు చేతులూ పైకి లేచి, నాలుగు దిక్కుల బండ్లూ ఒక్కసారే ఆగిపోయాయని నేను అల్లిన ముచ్చట ఇప్పటికీ పెండ్లి బంతుల్లో చెప్పుకుంటారు. అట్లాంటి నాకు ఈ ఏడు మిర్చి సీజనులో పెద్ద కష్టమే వచ్చింది. బుద్ధెరిగిన కాడినుంచి మొదటిసారి, చూసింది చూసినట్టు చెప్పాల్సి వచ్చింది. ఒక్కరు నమ్మితే ఒట్టు.

నా పేరు దానియేలు. ములుగు దిక్కు మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆపైన పంతులుకు నా కథలు వినే ఓపిక లేక, నువ్వింక బతుకుపో కొడుకా అన్నాడు. వరంగల్ వచ్చి కారం పట్టే గిర్ని పెట్టాను. మిషను నాదే గానీ గిర్నిలో రాజ్యం మా ఇంటామె మరియమ్మది. గుమ్మం పక్కన స్టూలు మీద ఆమె కూసుంటే, ఎవరి తర్వాత ఎవరో ఆమె చెప్పిందే వరుస. ఎవరి బిడ్డకు సంబంధం చూడాలో, ఎవరి అత్తను ఎట్లా దారికి తేవాలో, అన్నీ ఆ స్టూలు మీదనే తేలేవి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మిర్చిని గిర్నిలో వదిలేసి ఎవ్వరూ ఇంటికి పోరు. ఏడాదికి సరిపోయే కారం కదా, కాయ కళ్ళముందే పొడి కావాలి, డబ్బాకు మూత తమ చేత్తోనే పడాలి. అందుకని ఆడవాళ్ళు గోడ పొడుగునా కూసొని, ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకొని తుమ్ముతారు, దగ్గుతారు, నన్ను తిడతారు. ఆ దగ్గే వాళ్ళకు నమ్మకం. గట్టిగా దగ్గు వచ్చిందంటే కాయ అసలైనదన్నట్టు, గిర్నివాడు చేతివాటం చూపలేదన్నట్టు. వాళ్ళు ఏడాదికి ఒక పూట దగ్గి పోతారు. మరియమ్మ పెండ్లయిన కాడినుంచి ఆ స్టూలు మీదనే ఉంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గుడిలో ప్రార్థన నడుస్తుంటే ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగదు. పాస్టరుగారు కండ్లు తెరిచి, ఆమెన్ ముందే అనేసి కూసోబెట్టాడు. మర్నాడు దవాఖానకు తీసుకపోయాను. డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, నా దిక్కు తిరిగాడు.

"ఏం పని చేస్తరు?"

"కారం గిర్ని సార్."

"ఈమె గూడ అండ్లనే ఉంటదా?"

"అండ్లనే ఏంది సార్, గిర్నే ఈమెది. నేను జీతగాన్ని."

ఆయన నవ్వలేదు. "ఇంకో మిర్చి సీజను ఈమె ఊపిరితిత్తులు తట్టుకోవు. గిర్నన్న మూయుండ్రి, ఈమెనన్న ఆడికెల్లి తీసెయ్యుండ్రి," అన్నాడు.

ఆటోలో వస్తూ నేనే మాట తీశాను. "మూసేద్దాం తీయే."

"మూసినంక నేనేం జెయ్యాలె?" అన్నది మరియమ్మ. "పొద్దంత నీ అబద్ధాలు ఇనుకుంట ఇంట్ల కూసోవాల్నా? దానికంటె దగ్గే నయం."

నేను గట్టిగానే చెప్పాను, మూస్తానంటే మూస్తానని. నేను నిజం మాట్లాడినప్పుడు ఆమెకు తెలిసిపోతుంది. చౌరస్తా దాటి ఇంటికి చేరేదాకా బయటికి చూస్తూ కూసుంది. గిర్ని ముందర ఆటో ఆగితే, దిగకుండా కాసేపు ఆ స్టూలు వంకే చూసింది.

ఆ రాత్రి అన్నం ముందర మా కోడలు సుప్రియ నోరు విప్పింది. పెండ్లికి ముందు ఆ పిల్ల హైదరాబాదు దిక్కు మసాలాల ఫ్యాక్టరీలో పనిచేసింది. మా కొడుకు సుధీర్ డోర్నకల్‌లో రైల్వే పని చేస్తాడు. ఇంట్లో ఉండేది తక్కువ, మాట్లాడేది అంతకంటే తక్కువ. అతని వాటా మాటలు కూడా కోడలే మాట్లాడుతుంది.

"మామయ్యా, ఒక్క సీజను నాకియ్యుండ్రి. దుమ్ము లేకుంట కారం పట్టి చూపిస్త. అత్తమ్మ స్టూలు అత్తమ్మకే ఉంటది."

"దుమ్ము లేకుంట కారమా? నాకంటె పెద్ద కథ జెప్తానవేందమ్మా."

"చల్లగ పడితె లేవదు. నిజంగనే."

మరియమ్మ నా మొహం చూసింది. నేను కోడలితో ఒప్పందం చేసుకున్నాను. మామిడికాయ తొక్కులు పెట్టే దినాలు దాటేదాకా చూస్తాను. అప్పటికి గిరాకి నిలబడకపోతే షట్టరు దించుతాను, ఇంక ఎవరూ మారు మాట్లాడొద్దు.

కొత్త మిషను వచ్చి వెనక గదిలో కూసుంది. గదికి, గిరాకి కూసునే అరుగుకు మధ్య సుప్రియ పెద్ద అద్దం పెట్టించింది, ఎవరి కాయ వాళ్ళు చూసుకోవాలి కదా. కిటికీలు తీసే ఉంచింది, గాలి బయటికి లాగే ఫ్యాను బిగించింది. "తలుపు మూసుకొని లోపట ఎవ్వరు నిలవడొద్దు మామయ్యా," అని నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. తర్వాత స్టీలు డబ్బాలు వచ్చాయి, బిందెల్లా పొట్టలు, సన్నటి మెడలు.

మొదటి రోజు నన్నూ మరియమ్మనూ పిలిచింది. తోలు గ్లవుజులు తొడుక్కొని, ఒక డబ్బా వంచి గిన్నెలోకి కొంచెం పోసింది. నీళ్ళలాగే ఉంది. కానీ కింద నిప్పు లేకుండానే సలసల మరుగుతోంది. దాని పొగ పైకి పోదు. గిన్నె అంచు దిగి, బల్ల దిగి, తెల్లటి పిల్లిలాగా నేల మీద పాకుతూ వచ్చి నా చెప్పులు వాసన చూసింది.

"ఇదేందమ్మా?"

"గాలే మామయ్యా. మనం పీల్చే గాలిల ఎక్కువ పాలు ఇదే. బాగ చల్లవరిస్తె నీళ్ళయితది."

"గాలిని నీళ్ళు జేసిన్రా?"

"చేసిన్రు. ఇప్పుడు మల్ల గాలైతాంది, చూడుండ్రి."

చూస్తుండగానే గిన్నె ఖాళీ అయింది. అడుగున తడి లేదు. నా కథల్లో చేపలు చెట్లెక్కాయి, గుర్రాలు గోదారి మీద నడిచాయి. గాలిని నీళ్ళు చేసి డబ్బాలో పోసుకోవచ్చని మాత్రం నాకు ఎన్నడూ తోచలేదు. మొదటిసారి నా తల నాకు చిన్నదిగా అనిపించింది.

మళ్ళీ పోసి, అందులో ఎండు మిర్చి వేసింది. పొగ సద్దుమణిగాక పటకారుతో తీసి బల్ల మీద పెట్టి, చిన్న సుత్తి ఆనించిందో లేదో, చేతి గాజు చిట్లినట్టు టప్పున పగిలింది. ఎర్రటి పెంకులు. గింజలు కూడా పెంకులే. మిర్చి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే మెత్తబడుతుంది, అంతే ఎరుగుదును. పగిలే మిర్చిని నేను చూడలేదు, మా తాత చూడలేదు.

అప్పుడు మిషను తిప్పింది. కాయలు పొడుగాటి తొట్టిలో ఆ పొగ నడుమ దొర్లుతూ పోయి మిషను నోట్లో పడ్డాయి. మేమిద్దరం అద్దం ఇవతల నిలబడి ఉన్నాం. మరియమ్మ అలవాటు కొద్దీ కొంగు ముక్కుకు అదిమి పట్టుకుంది. నేను తుమ్ముకు సిద్ధంగా కండ్లు మూసుకున్నాను. తుమ్ము రాలేదు. ఒక కన్ను తెరిచి చూస్తే కింది మూతి నుంచి పొడి రాలుతోంది. మా పాత గిర్ని కారం ఇటుక రంగుది. ఇది అప్పుడే కోసిన పండు మిరప రంగుది. గాలిలో ఒక్క పొల్లు లేదు.

"మన పాత మిషను తిరిగి తిరిగి పెనం లెక్క కాలుతది మామయ్యా. ఆ వేడికి మిర్చిల ఉన్న నూనె, వాసన ఎగిరిపోతయి. ఇక్కడ చలికి అన్నీ పొడిలనే ఉంటయి."

"మరి ఇన్నేండ్లు ఎగిరిందంత ఏడికి వోయింది?"

"గాలిలకు," అని, సుప్రియ అత్త దిక్కు చూసింది.

నేను పక్కకు చూశాను. మరియమ్మ ముక్కు మీది కొంగు తీసేసింది. సుప్రియ బయటికి తెచ్చి ఇచ్చిన పొడిని చిటికెడు తీసుకొని, జాగ్రత్తగా వాసన చూసింది. చేతిలో ఇంకా చల్లగానే ఉందట.

"మా నాయిన కల్లంల మిర్చి ఎండవోసినప్పటి వాసన," అన్నది. "పెండ్లయినంక ఈ వాసన తగల్లే నాకు."

మర్నాడు నుంచి నా కష్టం మొదలైంది.

మొదట వచ్చింది ఇందిరమ్మ. జంపఖానాలు నేసే పెద్ద ఇల్లు వాళ్ళది, నలుగురు కొడుకులు, కోడండ్లు, మగ్గాల మీద పనివాళ్ళు. ఆ ఇంటి పొయ్యి ఆరదు. ఆమె ఏ గిర్నికి పోతే కొత్తవాడ ఆ గిర్నికి పోతుంది. మిర్చి సంచి తానే తూచుకొని, అద్దం ముందర బాసింపట్టు వేసుకొని కూసుంది. వెనక ఇంకో పదిమంది. మిషను తిరిగింది. అందరూ కొంగులు ముక్కులకు పెట్టుకున్నారు. కాసేపు ఆగి తీశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా గిర్నిలో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు, చావు ఇంట్లో కూసున్నట్టుంది.

"దానియేలన్నా," అన్నది ఇందిరమ్మ, "దగ్గేది?"

"ఇగ రాదు చెల్లె. ఘాటు అంత పొడిలనే ఉంటది."

"గట్లనా. మరి ఆ డబ్బాలేంది? బర్లకు ఎద సూదేసేటందుకు గోపాలమిత్ర పట్టుకొస్తడు సూడు, గదే గదా? ఇట్లనే పొగ లేస్తది."

నిజమే. పశువుల దవాఖానవాళ్ళు దున్నపోతు విత్తనం పాడవకుండా ఆ చల్లటి నీళ్ళలోనే పెడతారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"అదే మందు చెల్లె, కాని పని వేరు. అది గాలి. గాలిని నీళ్ళు జేసిన్రు. మిర్చి అండ్ల వడితె గాజు లెక్క పలుగుతది. పలిగినంక ఆ నీళ్ళు మల్ల గాలైపోతయి."

గోడ పొడుగునా నవ్వు లేచింది. ఒకామె కండ్లు తుడుచుకుంది, కారానికి కాదు. "అన్న ముసలోడైనా గాని కథల పస తగ్గలే," అన్నది.

"ఈసారి కథ గాదు, నిజం."

"ట్రాఫిక్ పోలీసు దాన్ని గూడ నిజమనే జెప్తివి గదా," అన్నది ఇందిరమ్మ. కాయ అప్పటికే మిషనులో పడింది కనక, మొహం ముడుచుకొని డబ్బా తీసుకపోయింది. పాత కారం అయిపోయేదాకా ఇది విప్పనే విప్పనని మరియమ్మతో చెప్పి మరీ పోయింది.

వారం తిరక్కుండా మాట వాడవాడకూ పాకింది. దానియేలు గిర్నిలో మిర్చికి బర్ల సూదిమందు కలుపుతాండట. ఆ కారం తింటే మగపిల్లలు పుడతారని ఒకరు, కొమ్ములు మొలుస్తాయని ఒకరు. కూరగాయల మార్కెట్ కాడ, బస్టాండు కాడ, గుడి మెట్ల మీద నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పినకొద్దీ జనం దగ్గరికి జరిగి కూసొని, ఇంకొంచెం చెప్పు, ఇంకొంచెం చెప్పు అని నవ్వారు. కథకు ఇంత గిరాకి నాకు ఎన్నడూ లేదు. గిర్నికి మాత్రం లేదు. ఏప్రిల్ నడిమికి గోడ పొడుగునా ఒకరో ఇద్దరో. మరియమ్మ స్టూలు మీద వరుస చెప్పడానికి మనుషులు లేరు. దగ్గు తగ్గింది, మాట కూడా తగ్గింది. పొద్దున్నే షట్టరు తెరిచే చప్పుడుకు ఆమె నా మొహం చూసేది. నేను మిషను చూసేవాణ్ణి.

అప్పుడొక వింత జరిగింది. ఒక పొద్దున వచ్చిన ముగ్గురూ దగ్గారు. మర్నాడు ఆరుగురు వచ్చారు, ఆరుగురూ దగ్గారు. "ఇయ్యాల మిర్చి మంచిగున్నది," అనుకుంటూ సంబరంగా కండ్లు తుడుచుకున్నారు. మళ్ళీ గోడ పొడుగునా సంచులు. సుప్రియకు మాత్రం మొహం పాలిపోయింది. మిషను మూతులన్నీ విప్పి చూసింది, బిగింపులు తడిమింది, ఎక్కడా చీలిక లేదు.

"మామయ్యా, పొడి లేస్తలేదు. మరి దగ్గెట్ల వస్తాంది?"

"గిరాకి వస్తాంది గదమ్మా, రానియ్యి."

"అత్తమ్మకు మల్ల ఎక్కువైంది, చూస్తలేరా?"

చూశాను. రాత్రి గోడకు తిరిగి పడుకొని, నోట్లో కొంగు కుక్కుకొని దగ్గుతుంటే విన్నాను.

మామిడికాయలు దిగిన వారంలో ఇందిరమ్మ వచ్చింది. చేతిలో సంచి లేదు, స్టీలు డబ్బా ఉంది. గిర్ని నిండా ఆడవాళ్ళు, అంతా దగ్గుతున్నారు. గుమ్మం పక్కన స్టూలు ఖాళీ. ఆమె ఎవరినీ పలకరించలేదు.

"అన్నా, ఏం గలిపినవ్ ఇండ్ల?"

"ఏమైంది చెల్లె?"

"నిన్న తెరిచిన డబ్బ. ఎప్పటి లెక్కనే పిడికెడు ఏసిన పులుసుల. మా పెద్దోడు తిని మగ్గం గుంతల దిగి ఎక్కరాలే. కోడండ్లు బిందె ఖాళీ జేసిన్రు. మా ఇంటాయన గుండయ్య ఎన్నడన్న నా వంటకు మాట అన్నడా? నిన్న లేచి నిలవడ్డడు. ఏమన్లే. అన్నం ముందర లేచి నిలవడి దండం బెట్టిండు."

"పిడికెడు ఎందుకేసినవ్? సగం జాలు గదా."

"నా చెయ్యికి నువ్వు లెక్క జెప్తవా? నలభై ఏండ్ల చెయ్యి ఇది. వెనక ఏం కలుపుతానవో నా కండ్లతోటి సూడాలె." అంటూ మిషను గది పక్కనున్న సందులోకి దారి తీసింది. నేను వెనకాలే పోయాను. ఆమెను ఆపగలిగిన మగవాడు వరంగల్‌లో లేడు.

సందు చివర, వాకిలి గోడ దగ్గర కుంపటి ఉంది. కుంపటి ముందర మరియమ్మ కూసొని ఉంది. తడిపిన కొంగు ముక్కుకూ నోటికీ కట్టుకుంది. ఒళ్ళో ఎండు మిరపకాయలు. ఒక్కొక్కటే నిప్పుల మీద వేసి, చాటతో విసురుతోంది, పొగ గోడ కన్నంలోంచి గిరాకి కూసునే దిక్కు పోయేటట్టు. రెండుసార్లు విసిరి ఒకసారి దగ్గుతోంది. వంగి, చేతులు నేలకు ఆనించి, చప్పుడు రాకుండా దగ్గుతోంది.

మమ్మల్ని చూసి చాట కింద పెట్టింది. లేవబోయింది గానీ ఊపిరి అందలేదు.

"వదినె," అన్నది ఇందిరమ్మ, "ఇదేం పని?"

మరియమ్మ నోటి మీది తడిగుడ్డ కొంచెం దించింది. "వాళ్ళకు దగ్గు గావాలె. రాకుంటె వేరే గిర్నికి వోతరు. వోతె ఈయన మూస్తడు."

ఇందిరమ్మ బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచి నిప్పుల మీద పోసింది. చుయ్‌మని ఆరిపోయాయి. తర్వాత మరియమ్మ మొహానికి కట్టిన గుడ్డ విప్పి, తన కొంగుతో కండ్లు, ముక్కు తుడిచింది. ఒళ్ళో కాయలు ఏరి పక్కన పెట్టింది. అదంతా అయినంక నా దిక్కు తిరిగింది.

"అన్నా, నువ్వు జెప్పింది నిజమేనా? ఆ ఘాటు, ఆ వాసన, పొడిలనే ఉంటదా?"

"నిజమే."

"మరి ఇన్నేండ్లు పాత మిషనుల? అదంత యాడికి వోయింది?"

మా మధ్యలో మరియమ్మ గోడకు వీపు ఆనించి, కండ్లు మూసుకొని దగ్గుతోంది. ఇందిరమ్మ ఆమెనే చూస్తూ నిలబడింది. దగ్గు ఆగేదాకా చూసింది.

"లే వదినె, మొహం కడుక్కో," అని, డబ్బా చంకన పెట్టుకొని ముందుకు పోయింది.

నేను పోయేసరికి ఆమె ఆడవాళ్ళ నడుమ చోటు చేసుకొని కూసొని ఉంది. పొగ పోయింది. అద్దం అవతల తెల్లటి మబ్బు నేల మీద పాకుతోంది, మిషను సన్నగా పాడుతోంది, ఎర్రటి పొడి రాలుతోంది. గాలి కడిగినట్టుంది. ఆడవాళ్ళు కొంగులు దించి, ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఇందిరమ్మ దగ్గింది.

మొదట చిన్నగా. తర్వాత రొమ్ము మీద చెయ్యి వేసుకొని, వంగి, కండ్లలో నీళ్ళు తిరిగేటట్టు దగ్గింది. "అవ్వో," అన్నది నడిమధ్యలో, "ఏం ఘాటే తల్లీ ఇది," అని మళ్ళీ అందుకుంది. పక్కనున్న యమున ముక్కు ఎగబీల్చింది. ఇందిరమ్మకే వస్తుంటే తనకు రాకపోవడమేంటి అనుకుందేమో, తానూ దగ్గింది. ఆ తర్వాత ఇంకొకామె. గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి దగ్గు నడిచిపోయింది. నా వయసంతా అబద్ధాలతో గడిపినవాణ్ణి నేను. అంత అందమైనది ఒక్కటీ నా నోట రాలేదు. చేతులు కట్టుకొని నిలబడి చూశాను.

"ఇనుండ్రి," అన్నది ఇందిరమ్మ ఊపిరి తీసుకొని, "ఈ కారం పిడికెడు ఎయ్యకుండ్రి, సగమే. నేను తెల్వక ఏసి నిన్న ఇంటిల్లిపాదిని ఏడిపిచ్చిన. అసలు మిర్చి అంటె గిట్లుంటదని మనకు ఇన్నొద్దులు ఎరికలేదు."

ఆ మాట సాయంత్రానికి కొత్తవాడ దాటింది. మామిడికాయ తొక్కులు అయిపోయాయి, వానలు పడ్డాయి, గిర్ని మూసే మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. దగ్గు అడిగే గిరాకి కూడా పోనుపోను తగ్గింది. అదంతా తర్వాత.

అప్పుడు మాత్రం మరియమ్మ మొహం కడుక్కొని, జుట్టు సర్దుకొని, సందులోంచి వచ్చింది. గిర్ని నిండా దగ్గుతున్న ఆడవాళ్ళను చూసింది. నిండు చెంబు పట్టుకొని నేరుగా ఇందిరమ్మ దగ్గరికి పోయింది.

"తాగు వదినె, బాగ ఎక్కినట్టున్నది," అన్నది.

ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు. ఇందిరమ్మ చెంబెత్తి, గుక్క తిప్పుకోకుండా, చివరి చుక్కదాకా తాగింది. ఆమె చెంబు దించేదాకా మరియమ్మ పక్కనే నిలబడింది.